కామెర్లకు టీకా కలదు, మనకింకను రాలేదు

(కారియాపట్టిలో మన తెలుగువారి వారపు కూటమియందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద వాడుకగా మాతృభాషను గూర్చియు, బడులలో తెలుగు చదువును గూర్చియు, మన పూర్వులు ఈ నల్లరేగడి సీమకు వలసవచ్చిన త్రోవలను గూర్చియు మాటలాడుదురు. నేను ఈ దినమున కామెర్ల వ్యాధిని గూర్చి మాటలాడ నెంచితిని. ఇదేమి విషయమని కొందరికి తోచవచ్చును. జీవశాస్త్రము బోధించి విశ్రాంతి గొన్నవానికి ఇంతకంటె వేరేమి తెలియునని మరికొందరనుకొనవచ్చును. అందులో నిజము లేకపోలేదు. కాని నాకు దీనితో చదువుసంబంధ మొక్కటియే కాదు, ఇంటిసంబంధము కూడ కలదు.

మా అమ్మకు చెల్లెలొకతె యుండెను. నాకు చిన్నమ్మ. రెండవ కాన్పునకు పుట్టింటికి వచ్చినది. ఎనిమిదవ నెల నడుచుచుండెను. ఆ వేసవిలో మా వీధిలో నలుగురైదుగురికి కామెర్లు తగిలినవి. మగవారును పిల్లలును పది పదునైదు దినములు మజ్జిగన్నము తిని, నేలయుసిరి ముద్ద మ్రింగి, లేచి తిరిగిరి. చిన్నమ్మకు మూడవ దినమున కన్నులు పచ్చబడినవి. ఆరవ దినమున మాట తడబడినది. మధురకు కొనిపోవులోపల తెలివి తప్పినది. తల్లియు దక్కలేదు, బిడ్డయు దక్కలేదు. దిష్టి తగిలెనని కొందరును, వేడి చేసెనని కొందరును అనిరి. ఒకే వీధి, ఒకే నీరు, ఒకే వ్యాధి. మగవాడు లేచి తిరుగుటయు గర్భిణి పోవుటయు ఏల జరిగెనని అడిగినవారు లేరు. నాకప్పటికి పదునొకండేండ్లు. చాల సంవత్సరముల తరువాత కళాశాలలో ఒక వైద్యపత్రికను తిరుగవేయుచుండగా ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము అచ్చులో కనబడినది. ఆనాడు రక్తపరీక్ష చేసినవారు లేరు గనుక మా చిన్నమ్మకు వచ్చినది ఇదియేయని నేను ప్రమాణముచేసి చెప్పజాలను. కాని లక్షణములన్నియు సరిపోవుచున్నవి.

కామెర్లు ఒక వ్యాధి కాదు, వ్యాధికి గుర్తు. కాలేయము చెడినప్పుడు పైత్యరసమునందలి పసుపువన్నె రక్తములో నిలిచి కన్నులకును చర్మమునకును ఎక్కును. వైరస్ అను అతిసూక్ష్మమైన క్రిములవలన కలుగు కాలేయపు వాపును వైద్యులు హెపటైటిస్ అందురు. ఏ, బి, సి, డి, ఇ అని ఐదింటికి అక్షరముల వరుసను పేర్లు పెట్టిరి. బి, సి, డి అనునవి ముఖ్యముగా రక్తసంబంధమున వ్యాపించును. ఏ, ఇ అనునవి నోటిద్వారమున, అనగా నీటివలనను ఆహారమువలనను లోనికి పోవును. నేను చెప్పబోవునది ఈ చివరిదానిని గూర్చియే.

హెపటైటిస్ ఇ తగిలిన ఆరోగ్యవంతులలో చాలమంది కొలది వారములలో తమంతట తామే కోలుకొందురు. గర్భిణుల సంగతి వేరు. చివరి మూడు నెలలలో నున్నవారికి తగిలినచో నూటికి ఇరువది ఇరువదియైదుగురి వరకు మరణింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఏటేట సుమారు రెండుకోట్లమందికి ఈ వైరస్ సోకుచున్నదనియు, 2015 సంవత్సరమున సుమారు 44,000 మంది దీనివలన మరణించిరనియు ఆ సంస్థవారి అంచనా. ఆ మరణములలో ఎక్కువ భాగము దక్షిణాసియా, ఆఫ్రికా ఖండములలోని బీదవీధులలో జరుగునవి. అందుచేతనే వార్తాపత్రికలకు ఎక్కవు.

ఈ వైరసు చరిత్ర మన దేశమునుండియే ప్రారంభమైనదని చెప్పవచ్చును. 1955లో యమునానదికి వరదలు వచ్చి, నది తన పాయను మార్చుకొనెను. దానితో ఢిల్లీ నగరపు మురుగునీరు నజఫ్‌గఢ్ కాలువ ద్వారమున వెనుకకు మళ్ళి, వజీరాబాదులో త్రాగునీరు తోడుచోటికే వచ్చి చేరినది. అధికారులు గ్రహించి క్లోరిను మోతాదు పెంచిరి. పెంచినందులకు ఫలితమును కనబడినది: విషజ్వరము, అతిసారము వంటివి పెరుగలేదు. అందరును ఊపిరి పీల్చుకొనిరి. కాని కొలది వారములకే, 1955 డిసెంబరు మొదలు 1956 జనవరి వరకు, సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చినవి. బాక్టీరియాలను చంపిన మందు ఈ క్రిమిని చంపలేకపోయినది. ఆ నీటిలో అంత మురుగు కలిసియుండెను. వారిలో గర్భిణుల మరణములు ఎక్కువగా నుండుటను నాటి వైద్యులు వ్రాసి పెట్టిరి. అయినను అది ఏ వైరసు పనియే యని చాలకాలము తలచిరి.

ఆ తలంపు తప్పని తేలుటకు పాతికేండ్లు పట్టినది. 1978లో కాశ్మీరులోయలో ఇట్టి మహమ్మారియే వచ్చినప్పుడు మహమ్మదు సుల్తాన్ ఖురూ అను వైద్యుడు ఇంటింటికి తిరిగి లెక్కలు తీసెను. ఇది ఏయును కాదు, బియును కాదు, మరియొక వైరసు కావలయునని 1980లో ప్రకటించెను. అదే సంవత్సరమున పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థవారును అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి, మన దేశపు పాత మహమ్మారులనుండి భద్రపరచిన రక్తమును పరీక్షించి అట్లే చెప్పిరి. ఇక 1983లో మాస్కోకు చెందిన మిఖాయిల్ బలాయన్ అను శాస్త్రజ్ఞుడు చేసిన పని వినుటకే ఒడలు జలదరించును. ఆఫ్‌ఘనిస్తానములో కామెర్లు పడిన సోవియెట్ సైనికుల మలమునుండి తీసిన ద్రవమును తాను త్రాగెను. నెలదాటిన పిమ్మట అతనికి కామెర్లు వచ్చినవి. తన మలములోనే ఆ వైరసును సూక్ష్మదర్శినిలో చూచెను. ఇట్టి ప్రయోగమును ఎవరును అనుకరింపరాదు. కాని అతని ధైర్యమును మెచ్చకుండుటయు కష్టమే. 1990లో వైరసు జన్యుపదార్థములో కొంత భాగమును విడదీసి చదువగలిగిరి. ఇ అను పేరు అప్పుడు స్థిరపడినది.

ఇంతవరకు ఇది నీటివ్యాధి. ఇక పశువుల సంగతికి వత్తము.

1997లో అమెరికాలో పందులలో ఇట్టి వైరసే కనబడినది. పందికి జబ్బు లేదు, దగ్గు లేదు, మేత మానదు. కాని రెండుమూడు నెలల పందిపిల్లల మలములో వైరసు పుష్కలముగా నుండును. మనుష్యులకును పందులకును ఒకే వైరసు తగులుచున్నదని తేలినది. దీనినిబట్టి శాస్త్రజ్ఞులు ఈ వైరసును తెగలుగా విభజించిరి. ఒకటవ, రెండవ తెగలు మనుష్యులలో మాత్రమే తిరుగుచు, మురుగుకలిసిన నీటివలన వ్యాపించును. ఢిల్లీలో వచ్చినట్టి మహమ్మారులు వీని పని. మూడవ, నాలుగవ తెగలు పందులలోను అడవిపందులలోను జింకలలోను కాపురముండి, మాంసముద్వారా మనుష్యునకు ఎక్కును. ఐరోపాలో మూడవ తెగ, చైనాలో నాలుగవ తెగ ముఖ్యము. ఒంటెలలో వేరొక తెగ కలదు. ఎలుకలలోని దగ్గరి చుట్టమైన వైరసొకటి 2018లో హాంగ్‌కాంగులో ఒక మనుష్యునకు తగిలినట్లు వెల్లడియైనది.

మాంసమువలన వచ్చుననుటకు తిరుగులేని సాక్ష్యము 2003లో జపానునుండి వచ్చినది. జింకమాంసమును పచ్చిగా తినిన కొందరికి కామెర్లు వచ్చినవి. మిగిలిన మాంసమును శీతలపేటికలో దాచియుండిరి. దానిని పరీక్షింపగా అందలి వైరసును రోగుల రక్తమునందలి వైరసును ఒక్కటియేయని తేలినది. ఆ యేటనే అక్కడి దుకాణములలో అమ్ముచున్న పంది కార్జములో కూడ వైరసును కనుగొనిరి. ఫ్రాన్సుదేశములో కార్సికా ద్వీపమువారు పంది కార్జముతో చేసి పచ్చిగానే తిను ఒక విధమగు మాంసపుకాడలవలన వ్యాధి వచ్చుచున్నదని 2010లో వ్రాసిరి. అక్కడి వైద్యులకు మరియొక చిక్కు కూడ వచ్చినది. మూత్రపిండమో కాలేయమో మార్పిడి చేయించుకొని, దేహరక్షణశక్తిని తగ్గించు మందులు వాడువారిలో ఈ వైరసు పోక, సంవత్సరముల తరబడి నిలిచి కాలేయమును తినివేయును.

మన దేశమున సంగతి కొంత విచిత్రముగా నున్నది. పూనా శాస్త్రజ్ఞురాలు విద్యా అరంకల్లెగారును ఆమె సహచరులును పశ్చిమభారతములోని పందులను, రోగులను పరీక్షించి 2002లో ప్రకటించినదేమనగా, పందులలో నున్నది నాలుగవ తెగ, రోగులలో నున్నది ఒకటవ తెగ. అనగా మన వీధులలో తిరుగు పందిలో వైరసు ఉన్నదన్నమాట నిజమే గాని, మన ఇంటివారికి కామెర్లు తెచ్చునది దాదాపు ఎల్లప్పుడును మనుష్యుల మురుగే. పందిని నిందించి మురుగుకాలువను మరచుట న్యాయము కాదు. ఆ కాలువను మనలో చాలమంది తమిళవాడుకలో సాక్కడ అనియే అందురు. ఏ పేరున పిలిచినను దాని ప్రక్కనే త్రాగునీటి గొట్టము పోవుచున్నది.

అట్లని పందిని విడిచిపెట్టుటకును వీలులేదు. దక్షిణ జిల్లాలలో కొన్ని గ్రామదేవతలకు పందిని బలియిచ్చి వండుకొను ఆచారము కలదు. పశ్చిమకనుమల వారన, రాజపాళయము, శ్రీవిల్లిపుత్తూరు ప్రాంతములలో అడవిపందులు పంటను పాడుచేయుచున్నవని మన రైతులు మొరపెట్టుచునే యున్నారు. చట్టము వద్దన్నను ఆ మాంసము అక్కడక్కడ వంటయింటికి చేరుట మీరెరుగనిది కాదు. తినువారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. కోయుటకును కడుగుటకును వండుటకును గల పద్ధతిని కడపట చెప్పెదను.

ఇప్పుడు టీకా మాట.

టీకా చేయుటకు సాధారణముగా వైరసును ప్రయోగశాలలో పెంచి, చంపియో బలహీనపరచియో వాడుదురు. ఈ వైరసు ప్రయోగశాలలో చక్కగా పెరుగదు. మొండిది. కనుక శాస్త్రజ్ఞులు వేరు మార్గమును పట్టిరి. వైరసుకు పైన మాంసకృత్తుతో చేసిన కవచమొకటి యుండును. మన దేహము శత్రువును గుర్తుపట్టునది ఆ కవచమును చూచియే. ఆ కవచమును తయారుచేయు జన్యువును మాత్రము కత్తిరించి తీసి, వేరొక నిరపాయజీవిలో పెట్టి, కవచమును మాత్రమే తయారుచేయించిరి. దొంగ లేడు, దొంగ చొక్కా మాత్రము ఉన్నది. దానిని సూదిద్వారా ఇచ్చిన దేహము ఆ చొక్కాను గుర్తుంచుకొని, నిజమైన దొంగ వచ్చిన దినమున పట్టుకొనును.

మొదటి గొప్ప పరీక్ష మన పొరుగున నేపాళములో జరిగినది. అమెరికా సైనిక వైద్య పరిశోధకులును ఒక పెద్ద మందుల కంపెనీయు కలిసి, పురుగుల కణములలో పెంచిన కవచముతో చేసిన టీకాను నేపాళ సైన్యమునందలి 2,000 మందిపై పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. మూడు మోతాదులును పొందినవారిలో 69 మందికి వ్యాధి వచ్చినది. అందు 66 మంది ఉత్తసూది పొందినవారు, ముగ్గురు మాత్రము టీకా పొందినవారు. నూటికి 95 పాళ్లకు పైగా రక్షణ! ఇంతటి ఫలితము వచ్చిన పిమ్మట ఆ టీకా అంగడికి వచ్చియుండునని మీరనుకొందురు. రాలేదు. అక్కడనే నిలిచిపోయినది. కొనువారు బీదవారైన వస్తువును చేయుటకు వ్యాపారికి ఉత్సాహముండదు. ఇంకొక మాట చెప్పకుండ ఉండలేను. ఈ వ్యాధి చంపునది గర్భిణులను. పరీక్షింపబడినవారు దాదాపు అందరును మగ సైనికులు.

రెండవ ప్రయత్నము చైనాలో జరిగినది. షియామెన్ విశ్వవిద్యాలయములోని నింగ్‌షావో షియా బృందమువారు కవచములో ఒక ముక్కను ఇ. కోలై అను సామాన్యమగు బాక్టీరియాలో తయారుచేయించిరి. ఇది చౌకపద్ధతి. జియాంగ్సు రాష్ట్రములోని డొంగ్‌టాయ్ ప్రాంతమున 1,12,604 మందిపై పరీక్ష జరిపిరి. సగముమందికి ఈ టీకా, మిగిలిన సగముమందికి హెపటైటిస్ బి టీకా ఇచ్చిరి. దీనిలోని న్యాయమును గమనింపుడు: ఇ టీకా రానివారికి బి టీకాయైన దక్కినది. మూడవ మోతాదు పిమ్మట ఒక్క సంవత్సరములో బి టీకావారిలో 15 మందికి హెపటైటిస్ ఇ వచ్చినది. ఇ టీకావారిలో ఒక్కరికిని రాలేదు. ఈ ఫలితము 2010లో వెలువడినది. 2011 డిసెంబరులో చైనా ప్రభుత్వము అనుమతించెను. 2012లో హెకోలిన్ అను పేరున అంగడికి వచ్చినది. నాలుగున్నర సంవత్సరములకు లెక్కచూడగా నూటికి సుమారు 87 పాళ్లు రక్షణ నిలిచియున్నది. పది సంవత్సరములకు లెక్కచూడగా, 2024లో ప్రకటించిన ప్రకారము, దాదాపు అంతే నిలిచియున్నది.

ఈ పరీక్షలో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది వేరొకటి. టీకాకు తీసికొన్న కవచము ఒకటవ తెగది, అనగా మనుష్యుల మధ్య నీటివలన తిరుగునది. డొంగ్‌టాయ్‌లో ఎక్కువగా తిరుగుచున్నది నాలుగవ తెగ, అనగా పందులది. అయినను టీకా పనిచేసినది. తెగలు వేరైనను కవచము పోలిక ఒక్కటియే. అందుచేత ఈ ఒక్క టీకాయే మురుగునీటి వైరసునకును పందిమాంసపు వైరసునకును పనికివచ్చును. కాన్పూరులో 1991లో సుమారు 79,000 మందిని పడవేసిన దానికిని, జపానులో పచ్చి కార్జము తినినవారికి వచ్చిన దానికిని మందొక్కటియే!

మరి పందులకే టీకా వేయరాదా యని ఒక రైతుసోదరుడు మొన్న నన్నడిగెను. తెలివైన ప్రశ్న. ప్రయోగములు జరిగినవి. చిక్కు ఎక్కడననగా, పందికి ఈ వైరసువలన బాధ లేదు, బరువు తగ్గదు, చావదు. గాలికుంటునకు టీకా వేయించుకొనునట్లు దీనికి రైతు తన చేతిసొమ్ము ఏల పెట్టును? లాభము పొందువాడు ఎక్కడనో తినుచున్నవాడు, ఖర్చు పెట్టవలసినవాడు పెంచువాడు.

సరే, మనుష్యులకు టీకా ఉన్నది గదా, మన గర్భిణులకు ఏల ఇచ్చుటలేదు? ఇందులో నాకు కొంత కోపము కలదు గాని, న్యాయముగా చెప్పవలయును. గర్భిణులను టీకాపరీక్షలలో చేర్చుకొనరు. భయము. చేర్చుకొననందున క్షేమమో కాదో తెలియదు. తెలియనందున ఇయ్యరు. ఈ గానుగయెద్దు తిరుగుడులో పదిహేనేండ్లు గడచినవి. బంగ్లాదేశమున మత్లబ్ అను ప్రాంతమున 16 మొదలు 39 సంవత్సరములవరకు గల వేలకొలది స్త్రీలపై పెద్ద పరీక్ష జరిగినది. గర్భవతులు కానివారికే ఇచ్చిరి. కాని కొందరు తెలియక గర్భారంభముననో, గర్భము వచ్చుటకు కొంచెము ముందో సూది వేయించుకొనిరి. వారిలో గర్భస్రావములు కొంత ఎక్కువగా నున్నట్లు 2023లో వ్రాసిరి. ఇంతలో 2022లో దక్షిణ సూడాన్‌లోని బెంటియు నిర్వాసితుల నివేశములో వ్యాధి చెలరేగగా, ఆ దేశపు ఆరోగ్యశాఖయు, సరిహద్దులులేని వైద్యులు అను సంస్థయు కలిసి మహమ్మారి నడుమ తొలిసారిగా ఈ టీకాను వాడి, గర్భిణులకును ఇచ్చిరి. అక్కడి గర్భిణులను తరువాత విచారింపగా టీకావలన గర్భనష్టము పెరిగెననుటకు తగిన ఆధారము కనబడలేదు. రెండు మాటలును మీ ముందు ఉంచితిని. వానినిబట్టి నాకు తోచునది ఇది: గర్భము రాకముందే, అనగా వివాహమునకు సిద్ధమైన యువతులకు ఇచ్చుటయే మేలైన మార్గము. రుబెల్లా టీకాను అట్లే ఇచ్చుచున్నాము గదా. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015లో నిత్యవినియోగమునకు సిఫారసు చేయలేదు. మహమ్మారులు వచ్చినచోట వాడుటను ఆలోచింపవచ్చుననిరి.

మన దేశమున మాత్రము ఈ టీకా నిత్యవాడుకలోనికి రాలేదు. పూనా సంస్థవారు స్వయముగా ఒక టీకాను తయారుచేసి కోతులపై పరీక్షించి 2009లో ఫలితములు ప్రకటించిరి. చేయుశక్తి మనవారికి లేకపోలేదు. హైదరాబాదునే చూడుడు. 1993లో వరప్రసాదరెడ్డిగారు శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో మన దేశమున తొలిసారిగా జన్యుపద్ధతిని హెపటైటిస్ బి టీకాను తయారుచేసి, విదేశపు సరుకు ధరను నేలకు దించెను. ఆయన వృత్తిచేత ఎలక్ట్రానిక్సు ఇంజనీరు. తరువాత ఆ కంపెనీ ఫ్రెంచివారి వశమైన మాటయు నిజమే. 1996లో భారత్ బయోటెక్ స్థాపించిన కృష్ణ ఎల్లాగారు ఎక్కడివారో మీలో కొందరికి తెలియును. మన తమిళనాడులోనే తిరుత్తణి చెంత రైతుకుటుంబమున పుట్టిన తెలుగువాడు. ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అను హైదరాబాదు సంస్థ మొదట పశువుల టీకాలకు పేరుపొంది, 2024లో హెపటైటిస్ ఏ టీకాను స్వదేశమున తయారుచేసి విడుదల చేసినది. ఏయును బియును చేసిన ఊరిలో ఇయును చేయలేరా? చేయగలరు. అడుగువారు లేరు.

అడుగుటకు లెక్క కావలయును. అదే హైదరాబాదులో 2005 మార్చినుండి ఆగస్టువరకు 1,600 మందికి పైగా కామెర్లు పడిరి. ఆరోగ్యశాఖవారు ఆసుపత్రుల చిట్టాలను తిరుగవేసి, రోగి ఏ వీధివాడు, ఆ వీధికి ఏ గొట్టమునుండి నీరు వచ్చునని పటముమీద గుర్తులు పెట్టిరి. త్రాగునీటి గొట్టములు తెరచిన మురుగుకాలువలను దాటిపోవు పేటలలో వ్యాధి మిగిలిన పేటలకంటె ఐదురెట్లున్నట్లు బయటపడినది. రక్తపరీక్షలో హెపటైటిస్ ఇ తేలినది. లెక్క ఉన్నందుననే కారణము దొరకినది. మన కారియాపట్టి, అరుప్పుక్కోట, కోవిల్పట్టి ప్రాంతములలో కామెర్లు వచ్చినవాడు ఏమిచేయును? తాయెత్తు కట్టించుకొనును, ఆకుమందు తినును, బాగుపడును, మరచును. ఆ లెక్క ఏ చిట్టాలోను ఎక్కదు. చిట్టాలో లేని వ్యాధికి టీకా తెప్పింపుమని ఏ మంత్రిని అడుగుదుము?

ఆకుమందు మాట వచ్చినది గనుక ఒక సంగతి. మనము నేలయుసిరి యనుదానినే తమిళసోదరులు కీళానెల్లి యందురు. మదరాసు విశ్వవిద్యాలయపు త్యాగరాజన్‌గారు 1988లో ఇది హెపటైటిస్ బి వైరసును తొలగించుచున్నదని ప్రకటింపగా లోకమంతయు ఆశపడినది. ఇతరదేశములలో చేసిన తరువాతి పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. హెపటైటిస్ ఇ యందు నూటికి తొంబదిమందికి పైగా ఏ మందు తినకున్నను బాగుపడుదురు గనుక, తిన్న ఆకునకు కీర్తి దక్కుచున్నది. మగవాడు తినిన తినుగాక. కాని గర్భిణికి కన్నులు పచ్చబడినచో ఆకు నూరుచు కూర్చొనరాదు. ఆ దినమే పెద్దాసుపత్రికి కొనిపోవలయును. మా ఇంటిలో పోగొట్టుకొన్నవి మూడు దినములు.

టీకా వచ్చులోపల చేయవలసినది కొంచెమే. గొట్టపునీటిని తెర్లకాచి చల్లార్చి త్రాగుట, ముఖ్యముగా గర్భిణి ఉన్న ఇంటిలోను, వానకాలపు తొలిదినములలోను, గొట్టము పగిలి బాగుచేసిన పిమ్మటను. పెండ్లిండ్లలో పానకమునకును మజ్జిగకును కాచిన నీరే వాడుట. మంచుగడ్డ ఎక్కడినుండి వచ్చినదో విచారించుట. పందిమాంసము, అడవిమాంసము తినువారు కార్జమును పైపైన వేయించి దింపరాదు. లోపలివరకు 71 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఇరువది నిమిషములు పట్టినగాని ఈ వైరసు పూర్తిగా చావదు. మన నాటుపద్ధతిని చాలసేపు ఉడికించిన పులుసునకు భయము లేదు. నిప్పులమీద కాల్చినదే అనుమానము. కోసిన కత్తిని, పీటను, చేతులను కడిగిన పిమ్మటనే కాయగూరలు ముట్టవలయును.

తెలుగు మాటలాడియు చదువనేరని పెద్దలు మన ఇండ్లలో చాలమంది కలరు. ఈ పాఠము పత్రికలో పడినప్పుడు, ముఖ్యముగా అవ్వలకు, ఎవరైన చదివి వినిపింపవలెనని వేడుచున్నాను. గర్భిణికి ఏమి పెట్టవలయునో నిర్ణయించునది వారే గదా.

కడపట ఒక చిన్న ఏర్పాటు. మన సంఘపు గదిలో ఒక నోటుపుస్తకమును ఉంచితిమి. మీ ఇంటిలోగాని వీధిలోగాని ఎవరికైన కామెర్లు వచ్చినచో పేరు వ్రాయనక్కరలేదు. ఊరు, వీధి, వయస్సు, ఆడయో మగయో, గర్భవతియో కాదో, ఏ నీరు త్రాగిరి, ఏ నెల, రక్తపరీక్ష చేయించిరా, ఏమి తేలినది, ఇంతమాత్రము వ్రాయుడు. తెలుగున వ్రాసినను తమిళమున వ్రాసినను సరియే. మూడు నెలలకొకసారి దానిని నకలు తీసి విరుదునగరములోని జిల్లా ఆరోగ్యాధికారులకు పంపుదుము. మొదటి నకలు తై నెలలో, మనకు మకరమాసములో, పోవలయును.